తుప్పుతో మొదలైన కంపెనీ

ఉప్పుగాలికి మా వైపు ఇనుము నిలవదండి. రాజోలులో నా షాపుకొచ్చిన సెట్టు వెనక మూత తీస్తే చాలు, అది అంతర్వేది వైపుదో తాటిపాక వైపుదో ఇంచుమించుగా చెప్పేయొచ్చు. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ స్క్రూలు తిరగవు, ఛాసిస్ అంచులు పొరలు పొరలుగా రాలతాయి, రాగి తీగ పచ్చబడుతుంది. అంత పాడైన సెట్టులో కూడా, అయస్కాంతానికి అంటుకుంటూనే తుప్పు మచ్చ లేకుండా ఉండే సరుకు ఒకటుంటుంది. పాత రేడియోలో సన్న తీగ చుట్టి ఉండే నల్ల కడ్డీ, పాత టీవీలో ఈహెచ్‌టీ అనే హైవోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలోంచి దూర్చిన నల్ల చట్రం. ల్యాప్‌టాప్ చార్జర్ తీగ చివర ఉబ్బెత్తుగా ఉంటుంది చూడండి, ఆ ప్లాస్టిక్ లోపలుండేదీ అదే. ఫెర్రైట్.

దానికి తుప్పెందుకు పట్టదంటే, అది పుట్టిందే తుప్పులోంచి. తుప్పంటే ఐరన్ ఆక్సైడే. ఆ పొడిలో జింకు, నికెల్, మాంగనీసు లాంటివాటి ఆక్సైడ్లు కలిపి, అచ్చులో పోసి నొక్కి, వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో కాలుస్తారు. అందుకే కింద పడేస్తే మట్టి మూకుడు పగిలినట్టు పగులుతుంది. ఆక్సిజన్‌తో కలవాల్సిందంతా ముందే కలిసిపోయింది. ఇక ఉప్పుగాలి దాన్నేం చేస్తుంది?

ఈ నల్లరాయిని అమ్ముకుని బతకడానికే ఒక కంపెనీ పుట్టింది. పేరు చెబితే మా ఈడువాళ్లంతా "ఓ, క్యాసెట్ల కంపెనీయా" అంటారు. టీడీకే. మా మేనల్లుడైతే "అది ఎప్పుడో మూసేశారు కదా మావయ్యా" అన్నాడు. వాడిది సెల్‌ఫోన్ల షాపు. వాడు రోజూ మార్చే బ్యాటరీల్లో ఆ కంపెనీ తాలూకువి ఎన్ని ఉంటాయో వాడికే తెలీదు. నోటితో చెబితే వినడు, కనీసం ఫోన్లో వస్తే చదువుతాడని రాస్తున్నాను.

1930లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో యోగొరో కటో అనే ప్రొఫెసరు, ఆయన దగ్గర పనిచేసే తకేషి తకెయి కలిసి ఫెర్రైట్‌ని కనిపెట్టారు. కటో రసాయన శాస్త్రంవాడు, వయసులో ఉన్నప్పుడు అమెరికా వెళ్లి ఎంఐటీలో పరిశోధన చేసొచ్చాడు. తకెయి గురించి ఒక ముచ్చట చెబుతారు. ఒక సాయంత్రం పరికరం స్విచ్ కట్టేయడం మరిచిపోయి ఇంటికెళ్లిపోయాడట. మర్నాడు వచ్చి చూస్తే, వేడి మీదున్న కోబాల్ట్ ఫెర్రైట్ ముక్క ఆ అయస్కాంత క్షేత్రంలోనే చల్లారి, గట్టి అయస్కాంతమై కూర్చుందట. మా షాపు కుర్రాళ్లు సోల్డరింగ్ ఐరన్ కట్టేయకుండా పోయిన రాత్రుల్లో కరెంటు బిల్లు తప్ప ఇంకేం పుట్టలేదు.

అది ఎప్పటికీ అయస్కాంతంగా ఉండిపోయే రకం. రేడియోకీ టీవీకీ కావలసింది రెండో రకం. తీగలో కరెంటు ఉన్నంతసేపే అయస్కాంతంగా ఉండి, కరెంటు దిశ మారగానే తానూ మారిపోవాలి. ఆ పని మామూలు ఇనుమూ చేస్తుంది, ఇంటి స్టెబిలైజర్‌లో ఉండేది ఇనుప రేకుల ట్రాన్స్‌ఫార్మరే. అక్కడ కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఇనుము తట్టుకుంటుంది. పిక్చర్ ట్యూబు టీవీలో తెర మీద బొమ్మని గీతలు గీతలుగా గీయించే లైన్ సెక్షన్‌లో ఊగేది సెకనుకు 15,625 సార్లు. అక్కడ ఇనుప రేకులు పెడితే వాటి లోపలే సుడి కరెంట్లు పుట్టి మాడి ఊరుకుంటాయి. ఫెర్రైట్ ఎంతైనా రాయి. దానిలో కరెంటు పారదు, అయస్కాంత బలం మాత్రం పారుతుంది. కనిపెట్టినవాళ్ల గొప్పంతా ఆ ఒక్క గుణంలో ఉంది.

పాత టీవీ వేయగానే చెవిలో సన్నటి కూత వినపడేది గుర్తుందా? ఆ 15,625 అదే. పిల్లలకి బాగా వినపడుతుంది. వయసు మీదపడ్డాక నాకు వినపడడం మానేసింది. లైన్ సెక్షన్ లేచిందా లేదా అని మావాణ్ని పిలిచి అడిగేవాణ్ని, "కూస్తోందిరా?" అని.

1996 నవంబరు 6 తుపాను కోనసీమని ఎలా ఊడ్చేసిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. కొబ్బరితోటలు నేలమట్టం, స్తంభాలన్నీ వంగిపోయాయి. ఎన్నాళ్లకో కరెంటు తిరిగొచ్చాక నా షాపు ముందు టీవీలు వరసకట్టాయి. ఇంట్లోకి నీళ్లొచ్చి మునిగినవి కొన్ని, పెంకులెగిరిపోయి వానలో నానినవి కొన్ని. చాలావాటిలో పోయింది ఈహెచ్‌టీయే. రంగుల సెట్టులో అక్కడ 25 వేల వోల్టుల దాకా ఉంటుంది మరి. దాని తీగ చుట్ట మీది పోతలో సన్న పగులున్నా తేమ చేరి, స్విచ్ వేయగానే టపటపమని నీలం రవ్వలు. క్లిప్పు విప్పి, మధ్యలోని ఫెర్రైట్ చట్రం, అంటే కోరు, రెండు సగాలూ బయటికి లాగి, తడిగుడ్డతో ఉప్పు తుడిస్తే ఇప్పుడే డబ్బాలోంచి తీసినట్టుండేవి. రెండు సగాల మూతుల మధ్య కాయితమంత పల్చటి ముక్క ఒకటి పెడతారు, సందు కోసం. ఆ ముక్క కుళ్లేది గానీ కోరు చెక్కుచెదిరేది కాదు. బ్లాక్ అండ్ వైట్ సెట్లకైతే ఆ పాత కోరుకే కొత్త చుట్ట ఎక్కించి పంపేవాళ్లం.

రేడియో కడ్డీ సంగతి కూడా చెప్పాలి. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద వచ్చేది. పొలంగట్టున వినేవాళ్లు సెట్టుని అటూ ఇటూ తిప్పి ఒక కోణంలో వదిలేసేవారు. కడ్డీ కొన స్టేషను వైపు చూస్తుంటే సిగ్నల్ అందదు, అడ్డంగా ఉంటేనే అందుతుంది. ఎవరూ చెప్పకుండానే రైతులందరికీ ఆ సంగతి చేతికి తెలుసు. కడ్డీ విరిగితే జిగురు పెట్టి అతికించి ఇచ్చేవాణ్ని, స్టేషను కొద్దిగా పక్కకి జరిగేది, అంతే.

ఇంత పనికొచ్చే వస్తువు అయిదేళ్లు ల్యాబులో పడి ఉంది. దాన్ని బయటికి తెచ్చినాయన ఇంజినీరూ కాదు, ప్రొఫెసరూ కాదు. పేరు కెంజో సైతో, ఊరు అకితా జిల్లాలో. అంతకు ముందు ఆయన తలకెత్తుకున్న పని అంగోరా కుందేళ్ల పెంపకం, ఉన్ని కోసం.

అకితా అంటే జపాన్‌లో ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న వరి జిల్లా. అకితకొమాచి అని వాళ్ల బియ్యానికి దేశమంతా పేరు. మడులూ సముద్రమూ మనలాగే, కాకపోతే మనకి రెండు పంటలు, వాళ్లకి ఒకటే. శీతాకాలమంతా మంచు కప్పేస్తుంది, చేలో పనుండదు. మగవాళ్లు టోక్యో లాంటి ఊళ్లకి కూలికి పోయి, మంచు కరిగాక నాట్లకి తిరిగొచ్చేవారు. మనవాళ్లు కువైట్, మస్కట్, దుబాయ్ పోయినట్టే, కాకపోతే వాళ్లు ఏటా ఇంటికి రాగలిగారు. ఇంటిపట్టునే ఇంకో ఆదాయం చూపిస్తే రైతుకి కాస్త ఊపిరి ఆడుతుందని సైతో కుందేళ్లు మొదలెట్టాడు.

ఆ రోజుల్లోనే కటోతో పరిచయం అయింది. జపాన్‌లో పరిశ్రమలన్నీ బయటివాళ్ల బుర్రతో నడుస్తున్నవే, ఇక్కడ పుట్టిన ఆలోచనతో నడిచేది లేదన్నది కటో బాధ. సైతోకి ఆ మాట పట్టుకుంది. కనెబో అనే పెద్ద బట్టల కంపెనీ అధ్యక్షుడు షింగో త్సుడా డబ్బు సర్దాడు. 1935 డిసెంబరు 7న టోక్యో డెంకి కగకు కోగ్యో మొదలైంది, పొట్టిగా టీడీకే. రేడియో పరికరాల కోసం ఫెర్రైట్ కోర్లని పెద్ద ఎత్తున చేయడం 1937లో మొదలైంది. నమ్మి కొనేవాళ్లు కూడా లేని సరుకు మీద కంపెనీ పెట్టడం మాటలు కాదు. నేను షాపు పెట్టినప్పుడు కనీసం పాడైపోయిన రేడియోలైనా ఊళ్లో ఉన్నాయి.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాత ముక్క. 1940లో సైతో తన సొంత గడ్డ మీద, అకితాలో హిరసవా అనే చోట ఫ్యాక్టరీ పెట్టాడు. తర్వాత ఆ చుట్టుపక్కల వరసగా ఫ్యాక్టరీలు లేచాయి. ఆ ఊళ్లు కొన్నిటిని కలిపి ఇప్పుడు నికహో నగరం అంటున్నారు, టీడీకే మ్యూజియం అక్కడే ఉంది. వరి చేల మధ్య ఎలక్ట్రానిక్ విడిభాగాల ఫ్యాక్టరీలు! మా తాటిపాకలో ఓఎన్‌జీసీ మినీ రిఫైనరీ ఉంది, గ్యాసు పైపులు మా చేల కిందనుంచే పోతాయి. అయినా పాలిటెక్నిక్ పాసైన మా కుర్రాళ్లు కాయిల్ చుట్టే ఉద్యోగానికైనా హైదరాబాదో శ్రీసిటీయో పోవలసిందే. డబ్బున్నవాళ్లు లేక కాదు. రొయ్యల మీద గడించినవాళ్లు మా తాలూకాలో కావలసినంతమంది. ఆ డబ్బు కల్యాణమండపాల్లోకి పోయింది. ఏసీ మండపాలు, తప్పు పట్టను, మా అమ్మాయి పెళ్లి కూడా అందులోనే చేశాను.

యుద్ధం అయ్యాక పెద్ద తగువొచ్చింది. హాలెండ్‌లో ఫిలిప్స్ ల్యాబులో స్నూక్ అనే శాస్త్రవేత్త ఫెర్రైట్ల మీద గట్టి పని చేశాడు. ఆ కంపెనీ జపాన్‌లో పేటెంటుకి వచ్చేసరికి టీడీకే అడ్డం తిరిగింది, ముందు కనిపెట్టింది మావాళ్లేనని. ఆ కోర్టు పేటెంటు గొడవలు నాకు ఎక్కవు గానీ ఇందులో ఒక తమాషా ఉంది. తర్వాత టీడీకేకి వీధివీధినా పేరు తెచ్చిన క్యాసెట్ ఉంది చూశారూ, అది ఫిలిప్స్ కనిపెట్టిందే, 1963లో. కనిపెట్టినవాళ్ల కంటే వీళ్ల పేరే జనం నోళ్లలో నిలిచింది.

ఫెర్రైట్ కంపెనీ క్యాసెట్లలోకి ఎందుకు దిగిందని నన్ను అడిగినవాళ్లున్నారు. టేపంటే ఏమిటండీ? ప్లాస్టిక్ పట్టీ మీద ఐరన్ ఆక్సైడ్ పొడి పూత. మళ్లీ తుప్పే! ఆ పొడి చేయడం, రేణువుల సైజు పట్టడం వాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. రీలు టేపు 1950ల మొదట్లోనే చేశారు, 1966లో క్యాసెట్లు మొదలెట్టారు. అప్పటికి క్యాసెట్ అంటే ఆఫీసులో మాటలు రికార్డు చేసుకునే సాధనం, పాటలకి పనికిరాదనుకునేవారు. 1968లో టీడీకే ఎస్‌డీ అని, సూపర్ డైనమిక్ అని, పాటల కోసమే ఒక రకం తెచ్చింది. 1975లో సూపర్ అవిలిన్, అంటే మన ఎస్‌ఏ. ఐరన్ ఆక్సైడ్ రేణువుల మీద కోబాల్ట్ పట్టించారు. తకెయి రాత్రంతా వదిలేసి పోయిన ముక్కలో ఉన్నదీ కోబాల్టే.

నాకు ఎస్‌ఏ చేతికొచ్చింది మా బావ వల్ల. మా అక్క మొగుడు, కువైట్‌లో ఏసీ మెకానిక్కు. అక్కణ్నుంచి వచ్చేవాళ్లని జనం ఏం తెమ్మంటారో తెలుసుగా. నేను ఖాళీ క్యాసెట్లు తెమ్మని ఉత్తరం రాస్తే, దిగీ దిగగానే, "అందరూ బంగారం తెమ్మంటార్రా, నువ్వేంట్రా ఖాళీ డబ్బాలు తెమ్మంటావు?" అన్నాడు.

"బంగారం నాకెందుకు బావా, నువ్వు అక్కకి పెట్టుకో. ఇవి నాకు ఇంకో నాలుగు బంగారాలు."

నిజంగానే అయ్యాయి. షాపులో ఒక పక్క రిపేర్లు, ఇంకో పక్క పాటలు ఎక్కించడం. జనం కాయితం మీద పాటలు రాసుకొచ్చేవారు. టీడీకేలో మామూలు రకం డీ-60 అయితే వైపుకి అరగంట, ఆరో ఏడో పాటలు పడతాయి. చివరి పాట మధ్యలో తెగకుండా సరిపెట్టడమే పనితనం. పెళ్లివారొస్తే డీ కాదు, ఎస్‌ఏ కావాలనేవారు, ఖరీదైంది కదా అని. ఎస్‌ఏకి క్యాసెట్ ఆడించే డెక్కులో క్రోమ్ స్విచ్ ఉండాలి. అది లేని మామూలు టూ-ఇన్-వన్‌లో వేస్తే పాటంతా కీచుగా వినపడుతుంది. ముందే చెప్పేవాణ్ని. "మాకు అలాగే బావుందండి" అని పట్టుకుపోయేవారు. వినేవాడి చెవి వాడిది, మనకెందుకు?

తర్వాత డూప్లికేట్లు వచ్చిపడ్డాయి. అట్ట మీద అక్షరాలు అచ్చు అవే, లోపల టేపు ఏ ఊరిదో భగవంతుడికే తెలియాలి. రెండుసార్లు తిరిగేసరికి డెక్కులో టేపుని చదివే హెడ్డు మీద గోధుమరంగు పొడి పేరుకునేది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే ఎర్రగా దిగేది. అసలుది తుడిస్తే దూది కాస్త మాసేది, అంతే. రిపేరుకొచ్చిన డెక్కు హెడ్డు చూసి వాళ్లింట్లో ఎలాంటి క్యాసెట్లున్నాయో చెప్పేవాణ్ని.

1983లో కంపెనీ పేరే అధికారికంగా టీడీకే అయిపోయింది. అదే ఏడాది హెల్సింకిలో జరిగిన మొదటి ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల నుంచి పరుగుపందెం వాళ్ల ఛాతీ మీద నంబరుతో పాటు ఆ మూడక్షరాలు కనపడతాయి. ఉసేన్ బోల్ట్ పరిగెత్తుతుంటే మావాళ్లంతా బోల్ట్‌ని చూసేవారు, నేను అక్షరాలు చూసి మురిసిపోయేవాణ్ని.

మమకారం మనకే గానీ కంపెనీకి లేదు. 2007లో క్యాసెట్లు, సీడీల వ్యాపారాన్ని బ్రాండు హక్కులతో సహా ఇమేషన్ అనే అమెరికా కంపెనీకి సుమారు 30 కోట్ల డాలర్ల లెక్కన ఇచ్చేసింది. అప్పటికే చూపు వేరే వైపుంది. 2005లో హాంకాంగ్‌కి చెందిన ఏటీఎల్ అనే బ్యాటరీల కంపెనీని కొన్నది. ఫోన్లకి లిథియం పాలిమర్ బ్యాటరీలు చేసేవాళ్లలో ఇవాళ ముందు వరసలో ఉన్నది అదే. కార్ల బ్యాటరీలతో ఇప్పుడు పేరు మోగిపోతున్న చైనా కంపెనీ సీఏటీఎల్ కూడా దానిలోంచి 2011లో విడిపోయిన కొమ్మే. 2008లో జర్మనీ నుంచి ఎప్‌కాస్ అనే విడిభాగాల కంపెనీని కొన్నది. ఆ పేరు మా మెకానిక్కులకి బాగా తెలుసు, వాళ్ల కండెన్సర్లు నాసిక్‌లో కూడా తయారవుతాయి. 2017లో ఇన్వెన్‌సెన్స్. ఫోను అడ్డం తిప్పితే బొమ్మ కూడా అడ్డం తిరుగుతుంది కదా, దానికి కావలసిన సెన్సర్లు చేసే కంపెనీ అది. హార్డ్‌డిస్కుల లోపల రాసి చదివే హెడ్డులూ టీడీకే చేస్తుంది. హర్యానాలో సోహ్నా దగ్గర బ్యాటరీల ఫ్యాక్టరీ ఉంది.

నన్నడిగితే క్యాసెట్ ఆ కంపెనీకి మధ్యలో తగిలిన మజిలీ. మేము దాన్నే ఊరనుకున్నాం. ఎవరూ పేరు చూడని చోట, బోర్డు మీద వేలిగోరంత జాగాలో పనిచేయడమే వాళ్ల అసలు కులవృత్తి. ఎల్‌ఈడీ టీవీ పవర్ బోర్డు, రొయ్యల చెరువు కంట్రోల్ బోర్డు, ఏది విప్పినా ఒక నల్ల కోరు కనపడుతుంది. ఇవాళ అందులో ఎక్కువ చైనా సరుకే. అయినా తుప్పు పట్టని ఆ గుణం మాత్రం 1930 నాటిదే. మా మేనల్లుడికి మొన్న ఇదంతా చెబితే, "అయితే బ్యాటరీ ఉబ్బితే మీ టీడీకేని అడగొచ్చా మావయ్యా?" అన్నాడు. వాడికి చెప్పడం దండగ.

చివరిగా ఒక మాట, ఈమధ్య చాలామంది అడుగుతున్నారు కాబట్టి. ఇంట్లో పాత క్యాసెట్లలో తాతగారి హరికథో, అమ్మమ్మ పాటో, గల్ఫ్‌కి పంపిన మాటల క్యాసెట్టో ఉంటే, దొరికిన డెక్కులో వేసి ఆడించేయకండి. ముందు కిటికీలోంచి టేపు చుట్టని వెలుతురుకి పెట్టి చూడండి. అంచు మీద తెల్లగా బూజు ఉంటే అది హెడ్డుకీ ఎక్కుతుంది, టేపూ తెగుతుంది. అలాంటివి నా దగ్గరికి తెండి, విప్పి తుడిచి, కంప్యూటర్లోకి ఎక్కించి ఇస్తాను. సినిమా పాటల క్యాసెట్లు మాత్రం తేవద్దు, అవన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి. ఆదివారం షాపు ఉండదు.